నాయన చేసిన గ్రాఫైట్ గిటారు

ఆ రోజుల్లో నాకు రెండే కోరికలు ఉండేవి. మొదటిది పరలోకం, రెండోది గ్రాఫైట్ మెడ ఉన్న బేస్ గిటారు. వీటిలో ఏది ముందు అని ఎవరైనా అడిగి ఉంటే ఆదివారం ఒక జవాబు, మిగతా ఆరు రోజులు ఇంకో జవాబు చెప్పేవాణ్ణేమో. దేవుని దయవల్ల ఎవరూ అడగలేదు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కొత్తగా ఉద్యోగం, ఆదివారం మా చర్చి సంఘంలో బేస్ గిటారు వాయింపు. ఇప్పుడు ముప్పై దాటి నాలుగేళ్ళయింది. ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ నవ్వు మధ్యలో వాడి చెవి పట్టుకుని ఒక మెలి తిప్పాలనీ అనిపిస్తుంది. ఎందుకంటే వాడు గ్రాఫైట్ మీద మోజులో ఒక శనివారం నాడు వాళ్ళ నాయనతో అనకూడని మాట ఒకటి అన్నాడు.

బేస్ గిటారు తెలియని వాళ్ళకు కొంచెం చెప్పాలి. మామూలు గిటారుకు ఆరు తీగలుంటాయి, దీనికి నాలుగే, కానీ లావువి. పాట వినేవాళ్ళలో నూటికి తొంభై మందికి ఇది మోగుతున్నట్టే తెలియదు, ఆగిపోతే మాత్రం పాట కింద నుంచి ఎవరో పీట లాగేసినట్టు ఉంటుంది. (మా అమ్మ చాలాకాలం నేను ఊరికే నిలబడి తల ఊపడానికి స్టేజీ ఎక్కుతున్నాననే అనుకుంది.) మా సంఘం గిటారు మెడ, అంటే ఎడమ చేతి వేళ్ళు తీగలను నొక్కే పొడుగాటి భాగం, చెక్కది. మా మందిరానికి రేకుల కప్పు. చిత్తూరు ఎండల్లో ఆ రేకుల కింద మనుషులే వంగిపోతారు, చెక్క మెడ ఒక లెక్కా? మే నెలలో ముందుకు వంగేది, వానలు పడగానే వెనక్కి తిరిగేది. ఇది చాలదన్నట్టు మూడో తీగ మీద ఒక చోట స్వరం పలికీ పలకకముందే తుమ్మినట్టు తుమ్మి ఊరుకునేది. అదేం విచిత్రమో, మేం పాడే పాటల్లో సగానికి పైగా 'హల్లెలూయ' సరిగ్గా ఆ చోటే పడేది. అందుకని నేను ఒక ఉపాయం కనిపెట్టాను. ఆ స్వరం చచ్చిపోగానే వెంటనే రెండోసారి మీటేవాణ్ణి. నా వేళ్ళకు అది ఎంత అలవాటైపోయిందంటే, అన్నం తింటూ కంచం మీద తాళం వేసినా ఆ రెండో దెబ్బ పడేది.

ఆ మెడను ఎప్పటికప్పుడు సరిచేసేది మా నాయన. నాయన వడ్రంగి. రక్షకుడు పెరిగింది కూడా వడ్రంగి ఇంట్లోనే అని నాయనకు లోలోపల కొంచెం గర్వం ఉండేది. (గర్వం పాపమని మాకు నేర్పిందీ ఆయనే.) చెక్క మెడ లోపల పొడుగునా ఒక ఇనుప కడ్డీ, దాని చివర ఒక మర ఉంటాయి. మర తిప్పితే కడ్డీ బిగుసుకుని మెడ నిటారుగా వస్తుంది. ప్రతి శనివారం సాయంత్రం నాయన అంగట్లో గిటారును బల్ల మీద పడుకోబెట్టి, ఒక కన్ను మూసి, తలుపు చెక్క వంకర చూసినట్టు మెడ వెంబడి చూసేవాడు. తర్వాత జేబులోంచి తాళంచెవి లాంటి చిన్న ఇనుప చెవి తీసి మర తిప్పేవాడు. "పావు సుట్టు" అనేవాడు. ఎప్పుడూ పావు చుట్టే. అంతకు మించితే కర్ర నొచ్చుకుంటుందని ఆయన నమ్మకం. నేను పక్కన స్టూలు మీద కూర్చుని తీగలు మీటుతూ ఉండేవాణ్ణి. ఆ గంటసేపు మేం ఫ్యాక్టరీ గురించీ, రేపు పాస్టరుగారు చెప్పబోయే వాక్యం గురించీ, అమ్మ చేసిన చారులో ఉప్పు గురించీ మాట్లాడుకునేవాళ్ళం. అది మాటలు చెప్పుకునే గంట అని అప్పట్లో నాకు తెలియదు. గిటారు బాగుచేసే గంట అనుకునేవాణ్ణి.

ఆ సంవత్సరం తిరుపతిలో, తిరుచానూరు పోయే దారిలో ఒక కల్యాణ మండపం తీసుకుని మూడు రోజుల సభలు పెట్టారు. చుట్టుపక్కల సంఘాల నుంచి వాయించేవాళ్ళను పిలిచారు. మా సంఘం నుంచి నన్ను. రెండు వారాల ముందు సాధనకు వెళితే అక్కడ బెంగళూరు అన్న ఉన్నాడు. అన్న సొంతూరు మా జిల్లాలో పలమనేరు పక్కనే, బెంగళూరులో స్థిరపడి పెద్ద పెద్ద సభల్లో వాయించేవాడు. ఆయన పెట్టె తెరిచి గిటారు బయటికి తీశాడు. నల్లటి మెడ, ఎక్కడా ఒక్క గీత లేదు, ఒక్క ముడి లేదు. నేను ఫోన్లో చూసి చూసి కలల్లోకి తెచ్చుకున్న గ్రాఫైట్ మెడ. (ఉపవాస ప్రార్థనలో తల వంచుకుని ఫోను చూస్తూ కూర్చున్న రోజులున్నాయి. అందరూ నా భక్తికి మెచ్చుకున్నారు.) అన్న ఒక స్వరం మీటాడు. మీటి, వెళ్ళి మంచినీళ్ళు తాగి, సీసా మూత బిగించి వచ్చాడు. స్వరం ఇంకా మోగుతూనే ఉంది. కొంచెం పెంచి చెబుతున్నానేమో, ఇది సంఘంలో నిలబడి చెప్పే సాక్ష్యం కాదు గనుక క్షమించాలి. పొరుగువాడిది ఆశించకూడదన్న ఆజ్ఞ నాకు కంఠతా వచ్చు. ఆ జాబితాలో ఇల్లుంది, ఎద్దుంది, గాడిదుంది, గిటారు మాత్రం లేదు కదా అని అక్కడే నిలబడి నాతో నేను వాదించుకున్నాను.

"ఏందప్పా, అట్ల సూస్తాండావు? పిల్లను సూసేదానికి పోయినోని మాదిరి," అన్నాడు అన్న.

"ఒక్కసారి పట్టుకోనా అన్నా?"

"ఇప్పుడు కాదు. శనివారం పొద్దున కూటంలో నీ గిటారు నువ్వు బాగా వాయించు. బాగుందంటే ముగింపు పాటకు ఇది నీ చేతికిస్తా."

దాని ధర ఎంత అని అడిగాను. అన్న చెప్పాడు. నేను మళ్ళీ అడగలేదు. కొనుక్కునే దారి ఈ జన్మకు లేదని తెలిసిపోయింది, ఇక మిగిలింది ఆ ముగింపు పాట ఒక్కటే. ఆ ఒక్క పాట కోసం ఆ రెండు వారాలూ నేను అన్నం సరిగ్గా తినలేదు, గుజ్జు డబ్బాలకు చీటీలు తలకిందులుగా అంటించి సూపర్‌వైజరు చేత తిట్లు కూడా తిన్నాను.

అనకూడని మాట అన్నది సాధన నుంచి తిరిగొచ్చిన శనివారమే. నాయన ఎప్పటిలాగే ఒక కన్ను మూసి మెడ చూస్తున్నాడు.

"ఇంకెన్నాళ్ళు తిప్పుతావు నాయనా? ఇది బాగుపడేది కాదు."

"ఏమైందిరా? పావు సుట్టు తిప్పితే సరిపాయె."

"తిరపతిలో అన్న దగ్గర సూసినాను. గ్రాఫైట్ మెడ. ఎండకు వంగదు, వానకు ఉబ్బదు. దాంట్లో కడ్డీ లేదు, మర లేదు. ఎవురూ తిప్పే పనే లేదు."

"మర లేదా?" నాయన మూసిన కన్ను తెరిచాడు. "మరి దేంతో సేస్తారు?"

"బొగ్గు పోగుల్ని బట్ట నేసినట్టు నేసి, జిగురులో తడిపి, అచ్చులో పెట్టి గట్టి చేస్తారంట. అసలు కర్రే ఉండదు."

"బొగ్గూ జిగురూ. దానికేనా ఇంత యాగీ?"

"కర్రకు నీతి లేదు నాయనా. ఈ పొద్దు ఒక మాదిరి, రేపు ఒక మాదిరి. దాన్ని నమ్ముకుంటే ఇంతే."

ఆ మాట అన్నది కర్ర పనితో పెరిగిన నోరు, కర్ర పనితో చదువుకున్న నోరు. గోడకు ఆనించి ఉన్న చెక్కల వైపు నాయన ఒకసారి చూశాడు, వాటి చెవిన పడిందేమో అన్నట్టు. తర్వాత పావు చుట్టు తిప్పి, చెవి జేబులో వేసుకుని, "అమ్మ పిలుస్తాంది పో," అన్నాడు. అమ్మ పిలవలేదు.

తర్వాత జరిగింది నాకు ఆలస్యంగా తెలిసింది, చెప్పింది తాళాల మామ. మామ అంగడి నాయన అంగడి పక్కనే. పాత తాళాలు బాగుచేయడం, తాళంచెవులు కోయడం ఆయన పని. ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు, కోపం వస్తే రెండూ. వాళ్ళిద్దరిదీ ముప్పై ఏళ్ళ స్నేహం. క్రిస్మస్‌కు మా కేకు ఆయనింటికి, రంజాన్‌కు ఆయన సేమ్యా మా ఇంటికి. నాయన సభల వారం గురువారం నాడు నేరుగా ఆయన దగ్గరికి పోయి అడిగాడట.

"భాయ్, గ్రాఫైట్ అంటే ఏంది?"

"అరే, దాంట్ల ఏముందన్నా! నా దగ్గర డబ్బానే ఉండాది." మామ అరలోంచి చిన్న డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. బిగుసుకున్న తాళాల్లో వేసే నల్లటి పొడి అది. "రెండు చిటికెలు వేస్తే చాలు, ఎట్లాంటి తాళమైనా వెన్నలో తిరిగినట్టు తిరుగుతాది."

"కర్రకు పూస్తే పడతాదా?"

"ఇనుముకే పడతాది, కర్రకు పడదా?"

ఆ తర్కం నాయనకు నచ్చింది. మరుసటి రోజు నేను ఫ్యాక్టరీలో ఉండగా ఇద్దరూ కలిసి గిటారు తీగలు విప్పి, మెడకు ఆ పొడి మూడు సార్లు పట్టించారు. గుడ్డతో రుద్ది నిగనిగలాడించారు. పైన వార్నిష్ వేద్దామని నాయన అన్నాడట. వార్నిష్ వేస్తే చెయ్యి జారదు, వద్దే వద్దని మామ అన్నాడట. మామ మాటే నెగ్గింది. తర్వాతి కథంతా ఆ వేయని వార్నిష్ మీదే నడిచింది.

శనివారం పొద్దున నేను ఫ్యాక్టరీలో సెలవు చీటీ ఇచ్చి నేరుగా బస్టాండుకు పోయాను. నాయన అప్పటికే తిరుపతి బస్సులో కూర్చుని ఉన్నాడు, గిటారు సంచి ఒళ్ళో. పక్కన తాళాల మామ. తిరుపతిలో ఒక లాడ్జీ తాళాలు చూడాలి, అట్లే నీ వాయింపు కూడా విని పోతాను అన్నాడు. ఆయన ఎప్పుడూ మా సభలకు రాలేదు, నాకు అప్పుడే అనుమానం రావాల్సింది. శ్రుతి చూసుకుందామని సంచి జిప్పు మీద చెయ్యి వేస్తే నాయన నా చెయ్యి తోసేశాడు.

"ఈడ ఇప్పొద్దు. దుమ్ము."

ముందు సీటులో, కొండకు తలనీలాలు ఇవ్వడానికి పోతున్న ఒక అవ్వ వెనక్కి తిరిగి సంచిని తేరిపార చూసింది.

"ఏంది నాయనా అది, తంబురానా?"

"గ్రాఫైట్ గిటారమ్మా," అన్నాడు నాయన, బస్సంతా వినేటట్టు.

నాకు సిగ్గేసింది. నా మాటలకు ఇట్లా ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. మామ కిటికీలోంచి బయటికి చూస్తూ మీసాల్లో నవ్వుకున్నాడు.

"సామి ముందర వాయించేదానికా?" అడిగింది అవ్వ.

"అవునమ్మా. మా సామి ముందర."

"మంచిది. ఎవురి సామైనా యినేవాడే గదా," అని అవ్వ తన మూట పక్కకు జరిపి, గిటారు తలకు చోటిచ్చింది.

మండపానికి చేరేసరికి ప్రార్థన మొదలైపోయింది. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు, వాయించేవాళ్ళందరికీ అదే యూనిఫారం. నేను స్టేజీ మీదికి పరుగెత్తి సంచి విప్పాను. మెడ నల్లగా ఉంది. తళతళలాడుతూ ఉంది. తలెత్తి చూస్తే మూడో వరసలో నాయన, చిన్నప్పుడు నాకు కొయ్య గుర్రం చేసిచ్చిన రోజు ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. వాకిలి దగ్గర మామ బొటనవేలు ఎత్తి చూపించాడు. ఏం చేశారో, దేంతో చేశారో అడిగే సమయం లేదు. డ్రమ్ములబ్బాయి కర్రలు కొట్టేశాడు.

ఒక్క నిజం ఒప్పుకోవాలి. అంత హాయిగా నేను ఎప్పుడూ వాయించలేదు. చెయ్యి మెడ మీద నూనెలో చేపలా పోయింది. ఎప్పుడూ అందని చోట్లకు వేళ్ళు ముందే చేరుకుని నా కోసం ఎదురుచూశాయి. బెంగళూరు అన్న పక్క నుంచి తల ఊపాడు. ఆ ఊపులో ముగింపు పాట నాదే అని నాకు కనిపించింది. ఫ్యాన్లన్నీ జనం వైపు తిరిగి ఉన్నాయి, మాకు చెమటలు. పాటకూ పాటకూ మధ్య నేను ఎడమ చేత్తో నుదురు తుడుచుకున్నాను, ముక్కు తుడుచుకున్నాను, ఒకసారి గడ్డం గోక్కున్నాను. వెనక పాడే అక్కలు కిసుక్కున నవ్వారు. నా వాయింపుకు మురిసిపోతున్నారనుకుని వెనక్కి తిరిగి ఒక చిరునవ్వు కూడా ఇచ్చాను. (ఆ ముఖంతో ఇచ్చిన ఆ చిరునవ్వును వాళ్ళు ఇప్పటికీ మర్చిపోలేదు.)

మా సంఘాల్లో ఒక పద్ధతి ఉంది. ఆరాధన అయ్యాక పక్కవాళ్ళకు చెయ్యి ఇచ్చి వందనాలు చెప్పాలి. ఒకరికి చెబితే సరిపోదు, కనీసం పదిమందికి. పెద్దవాళ్ళయితే వాళ్ళ చేతిని మన రెండు చేతుల మధ్య పెట్టుకుని చెప్పాలి, అది మర్యాద. స్టేజీ మీది వాళ్ళం ముందు దిగాలి. నేను ఆ రోజు ఆనందంలో ఉన్నాను గదా, పదిమందితో ఆగలేదు. ముందు వరసలోని పెద్దల చేతులన్నీ రెండు చేతులా పట్టుకుని ఊపాను. ఒక పసిపాప బుగ్గ గిల్లాను. వాక్యం చెప్పడానికి వచ్చిన పెద్దయ్యగారు తెల్లటి జుబ్బాలో మంచు కొండలా కూర్చుని ఉన్నారు. వారి చేతిని మరీ భక్తిగా, మరీ సేపు పట్టుకున్నాను. వాళ్ళంతా తమ పక్కవాళ్ళకు చేతులిచ్చారు, ఆ పక్కవాళ్ళు మళ్ళీ తమ పక్కవాళ్ళకు. సువార్త ఇంత వేగంగా పాకితే ఈపాటికి లోకమంతా మారిపోయి ఉండేది.

పెద్దయ్యగారు మైకు ముందుకు వచ్చి, వాక్యానికి ముందు అందరినీ దీవించడానికి కుడి చెయ్యి ఎత్తారు. అరచెయ్యి నల్లగా ఉంది. సభ మొత్తం కళ్ళు మూసుకోవాల్సిన సమయంలో సభ మొత్తం కళ్ళు తెరుచుకుంది. ఆయన తన చెయ్యి తను చూసుకున్నారు. జుబ్బా చూసుకున్నారు. అప్పుడు ఒక్కొక్కరే తమ తమ చేతులు తిప్పి చూసుకోవడం మొదలుపెట్టారు. కొంగుల మీద వేలిముద్రలు, కళ్ళజోళ్ళ మీద వేలిముద్రలు, పసిపాప బుగ్గ మీద నా రెండు వేళ్ళు అచ్చుగుద్దినట్టు.

"ఇది ఎవరి చేతి నుంచి బయల్దేరింది?" అని అడిగారు పెద్దయ్యగారు. గొంతులో కోపం ఉందో లేదో తెలియలేదు.

అందరూ నా ముఖం వైపు చూశారు. ఆ ముఖానికి వేరే సాక్షి అక్కర్లేదు. నేను మూడో వరస వైపు చూశాను. నాయన ముఖంలో ఇందాకటి కొయ్య గుర్రం లేదు. తన రెండు చేతులూ ఒళ్ళో బోర్లా పెట్టుకుని కూర్చున్నాడు. కర్రకు నీతి లేదన్న నా మాట అప్పుడు, ఆ క్షణంలో, నాకు పూర్తిగా వినిపించింది. ఇంతమంది ముందు ఆయనను నిలబెట్టడం నా వల్ల కాలేదు.

"నేనే అయ్యగారూ," అన్నాను. "నల్లగా అందంగా ఉంటుందని నేనే పూసుకున్నాను."

దేవుని సభలో, ఆరాధన ముగిసి పది నిమిషాలు కూడా కాకముందే, అందరి ముందూ నిలబడి అబద్ధం చెప్పాను. బెంగళూరు అన్న తల అడ్డంగా ఆడించి పక్కకు తిరిగాడు. ముగింపు పాట చేజారిందని నాకు అర్థమైంది.

"అబద్ధం అయ్యగారూ," అని మూడో వరసలోంచి గొంతు వినపడింది. నాయన లేచి నిలబడ్డాడు. సాక్ష్యం చెప్పేటప్పుడు నిలబడినట్టే, చేతులు కట్టుకుని. "పూసింది నేను. నా కొడుక్కి గ్రాఫైట్ గిటారు మీద ఆశ. కొనిచ్చే శక్తి నాకు లేదు. నాకు తెలిసిందంతా కర్ర. సరే, కర్రనే గ్రాఫైట్ సేద్దామని పూసినాను. చెయ్యికి అంటుకుంటాదని తెల్దు. వాణ్ణేమీ అనొద్దండి."

"డబ్బా మీద గ్రాఫైట్ అనే రాసుండాది అయ్యగారూ!" అని వాకిలి దగ్గర నుంచి మామ గట్టిగా అరిచాడు. "కసమ్, ఒట్టేసి సెప్తాండా, అసలు సరుకే! దొంగ సరుకు కాదు!"

ముందు నవ్వింది పెద్దయ్యగారు. మైకు ముందే నవ్వారు, కాబట్టి మండపమంతా నవ్వింది. "నలభై ఏళ్ళుగా ఈ చెయ్యి ఎత్తుతున్నాను," అన్నారు ఆయన, అరచెయ్యి మళ్ళీ జనానికి చూపిస్తూ. "ఇంత శ్రద్ధగా ఎవరూ చూడలేదు. కడుక్కోను. ఇట్లాగే వాక్యం చెబుతాను." అట్లాగే చెప్పారు. ఆ రోజు ఒక్కరూ కునికిపాట్లు పడలేదు.

మండపం వెనక కొళాయి దగ్గర నాయన నా చేతులు తోమాడు. మామ ఎక్కడి నుంచో కొబ్బరి నూనె, పీచు తెచ్చాడు. రంపప్పొట్టు ఉంటే ఒక్క నిమిషంలో పోయేదని నాయన, కిరసనాయిలు ఉంటే అర నిమిషంలో పోయేదని మామ, అక్కడ కూడా వాదనే. ఇరవై రెండేళ్ళ మనిషిని, ఉద్యోగస్తుణ్ణి, నా ముఖం మా నాయన తన తుండుగుడ్డతో గట్టిగా తుడుస్తుంటే కళ్ళు మూసుకుని నిలబడ్డాను. "కర్ర మాట నిజమే లేరా," అన్నాడు మెల్లగా. "వంగుతాది. అందుకే గదా నేనుండేది." నూనె కంట్లో పడిందని చెప్పాను. (ఆ రోజుకు అది రెండో అబద్ధం.)

లోపల ముగింపు పాట మొదలుపెడుతున్నారు. బెంగళూరు అన్న స్టేజీ వెనక తలుపులోంచి చేత్తో పిలిచాడు. "రాప్పా! మాటంటే మాటే. చేతులు బాగా తుడుచుకోని రా." గ్రాఫైట్ గిటారు నా భుజానికి తగిలించాడు.

చల్లగా ఉంది. బరువు లేదు. మీటితే స్వరం నీళ్ళ మీద పడవలా సాగింది, కింది తీగ కూడా గుడి గంటంత స్పష్టంగా పలికింది. ఇంతకాలం కలలో విన్నది నిజంగా అంతే ఉంది, ఒక్క పిసరు తక్కువ కాలేదు. కళ్ళు మూసుకుని వాయిస్తూ 'హల్లెలూయ' దగ్గరికి వచ్చాను. మూడో తీగ, అదే చోటు. మీటాను. స్వరం చావలేదు, హాయిగా మోగుతోంది. కానీ నా వేళ్ళకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? అవి వాటి అలవాటు ప్రకారం వెంటనే రెండో దెబ్బ వేశాయి. అంత పెద్ద స్వరం మీద అంత పెద్ద స్వరం. జనం ఇదేదో కొత్త పద్ధతి అనుకుని హల్లెలూయ రెండుసార్లు పాడారు. తర్వాతి చరణంలో సరిచేసుకుందామనుకున్నాను, మళ్ళీ రెండు పడ్డాయి. మూడో చరణానికి సభ నాకంటే ముందే సిద్ధంగా ఉంది. బైబిల్లో రాజుగారి కవచం తొడుక్కుని అడుగు వేయలేకపోయిన గొర్రెల కాపరి పిల్లవాడి సంగతి నేను ఎన్నోసార్లు సండే స్కూల్లో చెప్పాను. ఆ పిల్లవాడి కష్టం మాత్రం ఆ రోజే తెలిసింది.

"ఇది నిన్ను దాచిపెట్టదప్పా," అన్నాడు అన్న, గిటారు వెనక్కి తీసుకుంటూ నవ్వి. "నువ్వెట్ల కొడితే అట్లనే సెప్తాది."

తిరుగు బస్సులో నాయన గిటారు సంచి మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు. చంద్రగిరి దాటాక అడిగాడు.

"ఎట్లుండాదిరా అది?"

"బాగుండాది నాయనా."

"మనదాని కన్నానా?"

ఆ రోజుకు చెప్పిన అబద్ధాలు చాలనిపించింది. "మనదాని కన్నా బాగుండాది," అన్నాను.

నాయన తల ఊపాడు. "బాగున్నప్పుడు బాగుందనాల. ఎప్పుడన్నా కొనుక్కుందువులే." కొంచెం ఆగి, "రెండు హల్లెలూయలు మాత్రం మన గిటారువే," అన్నాడు. మామ పగలబడి నవ్వితే కండక్టరు వెనక్కి తిరిగి చూశాడు.

కొనుక్కున్నాను. చాలా ఏళ్ళకు, ఫ్యాక్టరీలో పెద్ద పనికి వచ్చాక. నల్లటి మెడ, ఒక్క గీత లేదు, ఒక్క ముడి లేదు. ఎండాకాలాలు పోయాయి, వానలు పోయాయి, రేకుల కప్పు పోయి స్లాబు వచ్చింది, ఆ మెడ వెంట్రుకవాసి కదల్లేదు. అది తెచ్చిన మొదటి శనివారం నాయన దాన్ని బల్ల మీద పడుకోబెట్టి, ఒక కన్ను మూసి, ఆ చివర నుంచి ఈ చివరకు చూశాడు. జేబులోంచి చెవి తీశాడు.

"మర యాడుండాది?"

"దీనికి మర లేదు నాయనా."

"ఓ. అవును గదా. నువ్వు సెప్పినావు." చెవి మళ్ళీ జేబులో వేసుకున్నాడు. చాలాసేపు ఊరికే కూర్చుని, చెయ్యడానికి ఏమీ లేక, ఇంటికి పోయాడు. నేను ఆ నల్లటి మెడ వైపు చూశాను. దాంట్లో వంక పెట్టడానికి ఏమీ కనపడలేదు. ఇరవై రెండేళ్ళప్పుడు నేను అడుక్కున్నది సరిగ్గా అదే.

ఇప్పుడు మా నాయనకు చూపు తగ్గింది, అంగడి మా తమ్ముడు చూసుకుంటున్నాడు. అయినా శనివారం సాయంత్రం నాయన వస్తాడు. తాళాల మామ కూడా తన స్టూలు ఎత్తుకుని వస్తాడు. నాయన గిటారు తీసి, మెడ వదిలేసి, భుజం పట్టీ తగిలించే మర దగ్గరికి వేలు పోనిచ్చి చూస్తాడు. ప్రతిసారీ అది కొంచెం వదులుగా ఉంటుంది.

"ఏం గ్రాఫైటో ఏమోరా," అంటాడు సంతోషంగా, జేబులో వెతుక్కుంటూ. "మెడ వంగదంట, మర మాత్రం వారానికొకసారి వదులైతాది."

"రెండు చిటికెలు పొడి వేస్తే..." అంటాడు మామ.

"వద్దు!" అని నాయనా నేనూ ఒకేసారి అరుస్తాం.

నాయన పావు చుట్టు బిగిస్తాడు. నేను శుక్రవారం సరిగ్గా పావు చుట్టే వదులు చేస్తాను, అంతకు మించితే ఆయనకు అనుమానం వస్తుంది. ఇదీ ఒక రకం అబద్ధమే. ఆ రోజు సభలో ఆడినదానికి మోకాళ్ళ మీద క్షమాపణ అడుక్కున్నాను. దీనికి మాత్రం ఇంకా అడగలేదు, శుక్రవారం వస్తే మళ్ళీ చేస్తానని నాకు తెలుసు గనుక.